నీలం చొక్కా పాట

"పొరపాటున పెట్టావా, కావాలని పెట్టావా? ఒక్క మాట చెప్పక్కా. ఒకే ఒక్క మాట."

తమ్ముడు ఈ ప్రశ్న అడగడం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. మొదటిసారి అరిచాడు. రెండోసారి బతిమాలాడు. మూడోసారి గోడకేసి చూస్తూ అడిగాడు. ఇప్పుడు నేల మీద చతికిలబడి, తన రెండు నీలం చొక్కాలూ ఒళ్ళో పెట్టుకుని, కోర్టులో వస్తువులు చూపించే ప్లీడరులా అడిగాడు.

అక్క చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. తెల్లకోటు మీద అది ఒకే చోట ఆగిపోయింది.

"కోటు కాలుతోందే," అంది అమ్మ.

అక్క పెట్టె ఎత్తింది. "పొరపాటే అయ్యుంటుంది," అంది.

"అయ్యుంటుందా? నువ్వు చేసిన పనికి నువ్వే ఊహాగానాలు చేస్తావేంటి? నీ చెయ్యే కదా నొక్కింది?"

అక్క తన చేతి వంక చూసుకుంది. నిజానికి రెండు రోజులుగా ఆమె కూడా దాన్ని అదే అడుగుతోంది.

బయటివాళ్ళకు తమ్ముడి పేరు గొళ్ళెం. ఆ పేరుతోనే ర్యాప్ పాడతాడు. 'లోపలెవరు' అన్న పాటకు పల్లవి పాడటానికి, పిట్ట అని అందరూ ముద్దుగా పిలుచుకునే గాయని వెంట నాలుగు నెలలు తిరిగి ఒప్పించాడు. పాట అట్ట మీద గొళ్ళెం పేరు కింద పిట్ట పేరు ఉంది. పిట్ట వచ్చి పాడేదాకా, పల్లవి ఎలా నడవాలో తెలియడానికి అక్క ట్రాక్ పాడిపెట్టింది. ట్రాక్ అంటే బస్సులో సీటు మీద వేసిన రుమాలు లాంటిది. అసలు మనిషి ఎక్కగానే రుమాలు తీసేస్తారు. ఎవరెవరి పాటలకో పన్నెండేళ్ళుగా అక్క రుమాలు వేస్తూనే ఉంది.

ఈసారి రుమాలు సీటులోనే ఉండిపోయి, ఊళ్ళన్నీ తిరుగుతోంది.

తప్పంతా చొక్కాలది. తమ్ముడు తన ఫైళ్ళకు 'ఫైనల్' అని పేరు పెట్టడు. ఒకసారి అలా పెట్టిన రాత్రే డిస్కు చచ్చిపోయింది. అప్పటి నుంచి ఏ రోజు పని చేస్తే ఆ రోజు వేసుకున్న చొక్కాయే ఫైలుకు పేరు. ఎర్రగళ్ళు, బూడిద, నీలం, కొత్త నీలం. అక్క ట్రాక్ ఉన్నది నీలంలో. పిట్ట పాడింది కొత్త నీలంలో. పాటలను అన్ని యాప్‌లకూ చేరవేసే కంపెనీకి మంగళవారం సాయంత్రం ఏడింటిలోగా ఫైలు అందాలి. తమ్ముడు వీడియో తీసే చోటి నుంచి ఫోను చేసి, "నీలం చొక్కాది పంపించెయ్యక్కా," అన్నాడు. అక్క నీలం పంపించింది.

"ఆ రోజు నా ఒంటి మీద ఏ చొక్కా ఉందో నీకు తెలీదా? ఉతికి ఆరేసింది నువ్వే. పిట్ట వచ్చిన రోజున కొత్త చొక్కా వేసుకోరా అని బలవంతపెట్టిందీ నువ్వే."

"నీలం అన్నావు. నీలం పంపాను."

"వినకుండానా? ఊళ్ళో జనం చెవులన్నీ పరీక్షించి చీటీలు రాసిస్తావు. నీ గొంతుకీ పిట్ట గొంతుకీ తేడా తెలీలేదా?"

"నువ్వు విన్నావా మరి?" అంది అమ్మ, కూరగాయల కత్తి ఆపకుండా. "పాట బయటికొచ్చి పదమూడు రోజులైంది. ఒక్కసారైనా విన్నావుట్రా?"

తమ్ముడు వినలేదు. బయటికొచ్చాక తన పాట తను వినలేడు వాడు. మొన్న పిట్ట ఫోను చేసి అది తన గొంతు కాదనేదాకా సంగతే తెలీదు. అంకెలు మాత్రం చూస్తాడు. వారం రోజులు ఆ అంకెలు చీమల్లా నడిచాయి. ఎనిమిదో రోజున ఎవరో ఒక అమ్మాయి, పల్లవికి ముందు వచ్చే ఈలకు ఉలిక్కిపడి వెనక్కి తిరిగినట్టు పదిహేను సెకన్ల వీడియో పెట్టింది. దాన్ని చూసి ఇంకొకరు. వాళ్ళను చూసి వేలమంది. ఆఫీసుల్లో, మేడ మెట్ల మీద, ఆస్పత్రి వరండాల్లో జనం ఈలకు ఉలిక్కిపడి వెనక్కి తిరగడమే పనైపోయింది. అసలు ఫైల్లో ఈల లేదు. ఉండటానికి వీల్లేదు. ఆ ఈల అమ్మది.

అమ్మ ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు. రిటైరయ్యాక ఈల ఇంటికి తెచ్చుకుని వంటింటి గుమ్మం పక్కన మేకుకు తగిలించింది. భోజనానికి పిలవాలంటే నోరు నొప్పి చేసుకోదు, ఈల ఊదుతుంది. బయటి చప్పుడు పడకుండా అక్క బట్టల అలమరలో తలపెట్టి ట్రాక్ పాడిన రోజున కూడా ఊదింది. డప్పు ఎనిమిది సెకన్లు మోగాక, గొంతు ఎత్తబోయే ముందు, సరిగ్గా తాళం మీద పడింది.

"ఒక ఈల అంటే ఆగమని. రెండంటే పొమ్మని," అంది అమ్మ. "ఈ వెర్రిమొహాలు ఆగమన్న ఈలకి గెంతుతున్నారు. మా రిటైరైన వాళ్ళ సంఘంలో వాళ్ళకి ఫోన్లో వినిపిస్తే పడీపడీ నవ్వారు. ఇంతకీ అట్ట మీద నా పేరు వేయరా?"

"అమ్మా, నీకో దణ్ణం. ఇప్పుడు జోకులొద్దు. నాలుగింటికి పిట్ట ఇంటికొస్తానంది."

"రానీ. తప్పు ఫైలు మార్చేసి, మంచి ఫైలు పెట్టేస్తే పీడా పోతుంది కదా."

"ఫైలు మారిస్తే అది కొత్త పాట కింద లెక్క. ఇప్పటిదాకా విన్నవాళ్ళంతా పాతదాంతో పోతారు. సున్నా నుంచి మొదలెట్టాలి."

"అంటే బస్సు మళ్ళీ డిపోలోంచి తియ్యాలి."

"అదే. జాబితాలో మొన్న ముప్పై నాలుగో చోటు, ఇవాళ పదకొండు. ఇవాళ సాయంత్రం అయిదింటికి ఈ వారం జాబితా మూస్తారు. మొదటి పదిలో పడితే ఏడాది తిండికి ఢోకా లేదు. మార్చగలిగింది పేరు ఒక్కటే. అది కూడా అయిదులోపు. తర్వాత ముట్టుకోనివ్వరు."

"పేరు మార్చెయ్. పిట్ట పేరు తీసి అక్క పేరు పెట్టు."

అమ్మ చేతిలో కత్తి ఆగింది.

తమ్ముడు చొక్కాలు రెండూ పక్కన పెట్టాడు. "పెడతాను. కానీ అది పొరపాటైతేనే. పొరపాటైతే పిట్టకి నా మొహం చూపించగలను. కావాలని చేసిందైతే మాత్రం, నాలుగు నెలలు కాళ్ళావేళ్ళా పడి పిలిచి, ఇంట్లో కూర్చోబెట్టి మోసం చేసినట్టే. ఇక ఈ పనిలో నా మొహం ఎవరూ చూడరు."

అక్క కోటు తొడుక్కుంది. భుజం మీద గోధుమరంగు మచ్చ. ఎంత రుద్దినా అది పోదని తెలిసి కూడా వేలితో రుద్దుతూ మెట్లు దిగింది.

*

ఆస్పత్రిలో చెవుల పరీక్ష గది గోడలకు దట్టమైన స్పాంజి. లోపల కూర్చున్నవాళ్ళకు తమ గుండె చప్పుడు తమకే పరాయిదిలా వినిపిస్తుంది.

అద్దానికి అవతల ముసలి వడ్రంగి హెడ్‌ఫోను పెట్టుకుని, చేతిలో మీట పట్టుకుని కూర్చున్నాడు. కూత వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. అక్క కూత తగ్గిస్తూ వచ్చింది. తగ్గిస్తూ, తగ్గిస్తూ, పూర్తిగా ఆపేసి ఊరుకుంది.

వడ్రంగి కళ్ళు మూసుకుని నొక్కాడు. కాసేపాగి మళ్ళీ నొక్కాడు.

"ఇప్పుడు వినిపించిందా బాబాయ్?"

"వినిపించినట్టే ఉందమ్మా."

ఇలాంటివాళ్ళను రోజుకు ఇద్దరిని చూస్తుంది. అది అబద్ధం కాదు. వినాలన్న ఆశ ఎక్కువైతే చెవి దానంతట అదే చప్పుడు పుట్టిస్తుంది. ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు స్పష్టంగా వినిపిస్తుంది, కానీ నొక్కరు. నొక్కితే తప్పేమోనని వేలు పైనే ఆపుతారు. ఎందుకు నొక్కలేదంటే ఏమీ వినిపించలేదంటారు, అదీ మనస్ఫూర్తిగా.

తను ఏ రకం? ఆ మంగళవారం సాయంత్రం తనకు వినిపించిందా? వినిపించి, వినిపించలేదని తనకు తానే చెప్పుకుందా? అక్క ఆ సాయంత్రాన్ని పట్టుకోబోయింది. సబ్బు బిళ్ళలా జారింది.

మధ్యాహ్నం ముందుగది అమ్మాయి, పేషెంట్లకు చీటీలు ఇచ్చే అమ్మాయి, ఫోను అక్క మొహం దగ్గర పెట్టింది. "మేడమ్, ఇది విన్నారా? అందరూ ఈల ఈల అంటున్నారు. నాకు మాత్రం ఈల తర్వాత వచ్చే గొంతే ఇష్టం."

'ఉన్నానో లేనో చూసి రా, లోపల దీపం ఉందేమో' అంటోంది ఫోను.

పాట బయటికొచ్చాక అక్క వినడం ఇదే మొదటిసారి.

"ఎవరు పాడారు?" అంది. ఎందుకలా అడిగిందో ఆమెకే అర్థం కాలేదు.

"పిట్ట అట మేడమ్. నాకు నమ్మకం లేదు. పిట్ట పాడితే పాడుతున్నట్టుంటుంది. ఇదేమో ఎవరో తలుపు అవతల నిలబడి, పిలవాలా వద్దా అని తేల్చుకోలేక పాడినట్టుంది."

అక్క నవ్వబోయింది. నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోయింది. పూట సెలవు రాసిచ్చి ఇంటికి బయల్దేరింది.

*

పిట్ట అప్పటికే వచ్చి కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. పోస్టర్ల మీద కనిపించేదాని కన్నా చిన్నగా ఉంది. మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు. తమ్ముడు గోడకు ఆనుకుని, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డవాడిలా ఉన్నాడు.

"మీరేనా?" అంది పిట్ట. "రండి, కూర్చోండి. మీ ఇల్లే కదా, నేను రమ్మనడమేంటి, నా మొహం."

అక్క మంచం అంచున కూర్చుంది.

"నేను కూడా వినలేదండీ. పాడేసిన పాట నేను మళ్ళీ వినను. మొన్న మా పిన్ని ఫోను చేసి ఏడ్చింది. ఏడేళ్ళ నుంచి పాడుతున్నావు, ఇప్పటికి మనసు పెట్టి పాడావే అంది." పిట్ట గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఎవరికీ అంటుకోలేదు. "అప్పుడు విన్నాను. కొట్టాలనిపించింది. మిమ్మల్నో, పిన్నినో తెలీలేదు."

"పిట్టగారూ, అసలేం జరిగిందంటే..." తమ్ముడు అందుకున్నాడు.

"నువ్వాగు. నిన్న ఫోన్లో రెండు గంటలు చెప్పావు, చొక్కాలు, రంగులు. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు." ఆమె అక్క వైపు తిరిగింది. "ఇప్పుడు నేనేం చెయ్యను? నోరు మూసుకుంటే, స్టేజీ ఎక్కి మీ గొంతులా పాడాలి. నిన్నంతా ప్రయత్నించాను. రావట్లేదు. నోరు తెరిస్తే, పాడిన పాట కూడా వినకుండా జనాన్ని వినమన్నావా అని నా మొహానే ఉమ్మేస్తారు."

"తప్పు మాది," అంది అక్క.

"తప్పైతే నాకు కోపం లేదు. ఒట్టు. ఇలాంటివి అవుతాయి. నా పేరు తీసేయండి, మీది పెట్టండి. ఫైలు పొరపాటున మారిందని నా నోటితోనే చెప్తాను, నా మర్యాద నాకు దక్కుతుంది. కానీ అది పొరపాటే అని మీరు చెప్పాలి. నా కళ్ళలోకి చూసి."

వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దే చప్పుడు ఆగిపోయింది.

అక్క కళ్ళు మూసుకుంది. ఆశ్చర్యంగా, ఈసారి ఆ సాయంత్రం జారిపోలేదు. దానంతట అదే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"విన్నాను," అంది కళ్ళు తెరిచి, నెమ్మదిగా. "ఇప్పుడు గుర్తొస్తోంది. హెడ్‌ఫోను పెట్టుకుని మొదలుపెట్టాను. డప్పు వచ్చింది. ఈల వినపడింది. అమ్మ భోజనానికి పిలుస్తోందనుకున్నాను. హెడ్‌ఫోను తీసి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఏడు కావస్తోంది. మిగతాది వినకుండా పంపేశాను."

తమ్ముడి మొహం విచ్చుకుంది. "చూశారా! ఈల! మా అమ్మ ఈలండీ! పాటలో ఈలని ఇంట్లో ఈల అనుకుంది! ఇది మా ఇంట్లో తప్ప ఎక్కడా జరగదు."

పిట్ట కొంతసేపు అక్క కళ్ళలోకే చూసింది. ఆపైన ఆమె భుజాలు దిగాయి. గ్లాసు తీసుకుని నీళ్ళు గడగడా తాగేసింది.

"చాలు. రోజూ ఇంట్లో వినే ఈలే కదా. నాకు నమ్మకం కుదిరింది. పేరు మార్చుకోండి." గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగింది. "ఒక్కటి చెప్పండి. 'దీపం ఉందేమో' అన్నచోట మీరు ఊపిరి ఎక్కడ తీసుకున్నారు?"

"తీసుకోలేదు. మర్చిపోయాను."

"అదీ సంగతి," అని తనలో తను అనుకుంటూ మెట్లు దిగింది.

*

"ఇరవై నిమిషాలు! బోలెడంత టైముంది!" తమ్ముడు కంప్యూటరు ముందుకు దూకాడు. "అక్కా, రా. పాస్‌వర్డు నీకే కదా తెలుసు."

అక్క పాస్‌వర్డు కొట్టింది. వేళ్ళు తేలిగ్గా ఉన్నాయి. రెండు రోజులుగా ఛాతీ మీదున్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది. పొరపాటు. ఎంత చక్కటి మాట. మంచినీళ్ళు తాగొద్దామని వంటింట్లోకి వెళ్ళింది.

అమ్మ గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో పనేమీ లేదు. అమ్మ అలా నిలబడటం అక్క ఎప్పుడూ చూడలేదు.

"వాడికి వినపడకుండా ఒక మాట అడుగుతాను," అంది అమ్మ. "ఫైలు పంపింది మంగళవారం కదూ?"

"అవును."

"ఈ నెల మొదటి మంగళవారం. మా సంఘం మీటింగు."

అక్క గ్లాసు కుళాయి కింద పెట్టింది.

"నేను తొమ్మిదింటికి గానీ రాలేదే. తలుపు తీసింది నువ్వే. వాన పడింది, తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చావు. ఆ సాయంత్రం ఇంట్లో ఈల ఎవరు ఊదారు?"

గ్లాసు నిండింది. నిండి పొర్లింది. అక్క కుళాయి కట్టలేదు.

అప్పుడు మిగతా సాయంత్రం కూడా వచ్చింది. హెడ్‌ఫోను తీసి ఇక్కడికే వచ్చింది. దీపం వేసి లేదు. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. ఎవరూ లేరు. గుమ్మం పక్కన మేకుకు ఈల వేలాడుతోంది, కదలకుండా. ఆ ఈల వంక చూస్తూ చాలాసేపు నిలబడింది. నిలబడి, తిరిగి వెళ్ళి, హెడ్‌ఫోను పెట్టుకోకుండానే నొక్కింది.

నిలబడ్డ ఆ చాలాసేపూ ఏం ఆలోచించింది? ఈల పాటలోదని అప్పుడే తెలిసిందా? తెలిసి తెలియనట్టు ఊరుకుందా? ఎంత లోతుకు వెళ్ళి చూసినా అక్కడ ఉన్నది చీకటి, మేకు, ఈల. వాటి వెనకాల మనిషెవరూ కనిపించలేదు.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా," అంది. "చెప్పినప్పుడు అంతవరకే గుర్తుంది."

"అబద్ధమని నేనన్నానా?" అమ్మ కుళాయి కట్టేసింది. "ముప్పై ఏళ్ళలో వేలమందిని చూశాను. మెట్టు మీద నిలబడి ఎక్కేవాళ్ళో దిగేవాళ్ళో వాళ్ళకే తెలీదు. అలాంటివాళ్ళ వల్లే దెబ్బలు తగుల్తాయి. ఎక్కితే ఎక్కు తల్లీ, దిగితే దిగు. నేనేమీ అనుకోను."

"అక్కా!" గదిలోంచి తమ్ముడి కేక. "పిట్ట పేరు తీసేశాను! నీ పేరెలా వెయ్యను? పూర్తి పేరా, ముద్దుపేరా? తొందరగా చెప్పు, తొమ్మిది నిమిషాలే ఉంది!"

కిటికీలోంచి కింద వీధి కనిపిస్తోంది. మలుపు దగ్గర పిట్ట బండి కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. చేత్తో గాలిలో తాళం వేసుకుంటూ, ఊపిరి బిగబట్టి, ఏదో వరస మళ్ళీ మళ్ళీ పాడుకుంటోంది. ఇంత దూరానికి అది వినిపించదు. అయినా అక్కకు వినిపించింది, వినిపించినట్టే ఉంది.

పిట్ట ముందు బండి వచ్చి ఆగింది. ఆమె ఒక కాలు లోపల పెట్టింది.

"అక్కా! పేరు!"

అక్క మేకు మీది ఈల తీసింది. అది చల్లగా, చేతికి కొత్తగా ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ దాన్ని నోట పెట్టుకోలేదు. కిటికీ రెక్క తోసి, ఊపిరంతా పోగుచేసుకుని, ఒక్కసారి ఊదింది.

వీధి మలుపులో పిట్ట ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. గదిలో తమ్ముడి వేళ్ళ చప్పుడు ఆగిపోయింది. అమ్మ తల పైకెత్తింది.

ముగ్గురూ ఆమె కోసం ఆగారు.

ఈల నోటి నుంచి తీశాక ఏం చెప్పాలో అక్కకు ఇంకా తెలియదు.